బండికీ రోజువారీ లెక్క ఉంది
(గోకుందలో జరిగిన స్కాలర్‌షిప్‌ల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల సభలో కార్ల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు ముందు నవ్వారు. కారణం చెప్పాక నవ్వు ఆపి, తప్పకుండా మాట్లాడమన్నారు. ఆ కారణమే మీకూ చెప్తాను.

నేను బి.కాం. చదివి, ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో క్లర్కుగా పనిచేసి రిటైరయినవాడిని. మెకానిక్‌ను కాను, ఆర్టీవో ఆఫీసరును అంతకన్నా కాను. ఇప్పుడు ట్రస్టుకు వచ్చే దరఖాస్తులు పరిశీలించే పనిలో సాయం చేస్తున్నాను. దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అని ఒక గడి ఉంటుంది. కొందరు రైతు అని రాస్తారు, కొందరు డ్రైవర్ అని, కొందరు కిరాణా దుకాణం అని. కొన్ని దరఖాస్తుల్లో మాత్రం 'లేరు' అని రెండక్షరాలు ఉంటాయి. ఎలా పోయారని అడిగితే, జబ్బు తరువాత ఎక్కువగా వినిపించే జవాబు రోడ్డు ప్రమాదం. ఇంటి యజమాని ఒక్కడు పోతే ఆ ఇంట్లో చదువు ఎలా ఆగిపోతుందో ఈ ట్రస్టు వారికి చెప్పనక్కరలేదు. మనం ఇచ్చే స్కాలర్‌షిప్ పిల్లల ఫీజు కట్టగలదు గాని, తండ్రిని తెచ్చి ఇవ్వలేదు. అందుకే ఈ విషయం చదువుల సభలోనే చెప్పాలనుకున్నాను.

దేశం మొత్తం మీద 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది చనిపోయారు. ఇవి కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటించిన లెక్కలు. నేను లెక్కల మనిషిని కాబట్టి భాగించి చూశాను. రోజుకు 460 మందికి పైగా, అంటే గంటకు 19 మంది. ఈ సభ ముగిసేలోగా దేశంలో ఎన్ని ఇళ్లలో దీపం ఆరిపోతుందో మీరే లెక్క వేసుకోండి.

మన ఊరికి ఎందుకు ఎక్కువ జాగ్రత్త కావాలి

1956 వరకు మన కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే. రాష్ట్రాల పునర్విభజనలో మనం ఇటు వచ్చాం, చుట్టాలు అటు ఉండిపోయారు. పెళ్లయినా, పేరంటమైనా, చావు కబురైనా ఆదిలాబాద్, నిర్మల్, కరీంనగర్ వైపు బయలుదేరాల్సిందే. పిల్లల అక్షరాభ్యాసానికి బాసర వెళ్తాం, మొక్కు తీర్చడానికి మాహూర్ రేణుకాదేవి కొండకు వెళ్తాం, వానాకాలం సహస్రకుండ్ జలపాతం చూడటానికి పోతాం. ఒకప్పుడు ఎస్టీ బస్సులోనో, రైల్లోనో వెళ్లేవాళ్లం. ఇప్పుడు వీధికి రెండు మూడు కార్లు ఉన్నాయి. సంతోషమే. అయితే వాటిలో చాలావరకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి, నడిపేవారు ఆ ఇంట్లో కారు నడపడం నేర్చిన మొదటి తరంవారు.

ఇంకో సంగతి. చిన్న దెబ్బలకు మన గోకుంద ఆస్పత్రి ఉంది. తలకు పెద్ద దెబ్బ తగిలితే నాందేడ్‌కు పంపుతారు. అది వంద కిలోమీటర్లకు మించిన దూరం. దెబ్బ తగిలిన మొదటి గంటను డాక్టర్లు 'గోల్డెన్ అవర్' అంటారు. నాందేడ్ చేరేసరికే మనకు ఆ గంట దాటిపోతుంది. పట్నంలో ఉన్నవారికంటే మనం రెండింతలు జాగ్రత్తగా ఉండవలసింది ఇందుకే.

బ్యాంకులో సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే ఎవరినీ ఇంటికి పోనివ్వరు. పది రూపాయలు తేడా వచ్చినా, ఆ పది ఎక్కడ పోయిందో దొరికేదాకా కూర్చోవాలి. కొత్తగా చేరిన కుర్రాళ్లు విసుక్కునేవారు. పది రూపాయలు నేనే వేస్తాను సార్, పోదాం పదండి అనేవారు. అప్పుడు మా హెడ్ క్యాషియర్, "తమ్మీ, పది కోసం కాదు. ఈ రోజు పది వదిలేస్తే రేపు పదివేలు వదిలేస్తావు" అనేవాడు. కారు విషయంలో నేను చెప్పబోయేది కూడా ఇంతే. బండికీ ఒక రోజువారీ లెక్క ఉంది. చిన్న తేడాను ఆ రోజే సరిచేస్తే పెద్ద తేడా రాదు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని పెద్దలు ఊరికే అనలేదు.

వారానికి పదిహేను నిమిషాలు

మొదట టైర్లు. కారు ఎంత ఖరీదైనదయినా రోడ్డును పట్టుకుని ఉండేది నాలుగు అరచేతులంత రబ్బరు. దాని మీదే బ్రేకు, స్టీరింగు అన్నీ ఆధారపడతాయి. టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైరుతో రోడ్డెక్కకూడదు. కొలవడానికి పరికరం అక్కరలేదు. గాళ్ల మధ్యలో అక్కడక్కడ అడ్డంగా చిన్న రబ్బరు గుర్తులు ఉంటాయి. టైరు అరిగి అరిగి ఆ గుర్తులతో సమానమైందంటే దాని పని అయిపోయిందన్నమాట. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు ఇంకొకటి చూడాలి. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. పైకి నల్లగా మెరుస్తున్నా పాతబడిన రబ్బరు గట్టిపడి పగుళ్లు ఇస్తుంది.

గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన అంటించిన చీటీలో రాసి ఉంటుంది. చిన్న కార్లలో చాలావాటికి 30 నుంచి 35 మధ్య ఉంటుంది. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మన దగ్గర ఒక తప్పు అభిప్రాయం ఉంది. ఎండాకాలం గాలి వేడెక్కి టైరు పేలుతుంది కాబట్టి కొంచెం తక్కువ కొట్టించాలని అంటారు. నిజానికి అది తలకిందులు. గాలి తక్కువైన టైరు పక్కలు ప్రతి చుట్టుకూ నలిగి మరింత వేడెక్కుతుంది, అదే పేలుతుంది. చీటీలో ఎంత ఉంటే అంతే కొట్టించండి. స్టెప్నీలో కూడా గాలి చూడండి. అవసరానికి డిక్కీ తెరిస్తే స్టెప్నీ చప్పగా ఉన్న కార్లు ఎన్నో.

రెండోది ఇంజన్ ఆయిల్. కారును సమమైన నేల మీద నిలిపి, ఇంజన్ ఆపి అయిదు నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి తీస్తే ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. నడుస్తుండగా డాష్‌బోర్డు మీద ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే, ఇంటికి పోయి చూద్దాంలే అనుకోవద్దు. పక్కకు ఆపి వెంటనే ఇంజన్ బంద్ చేయాలి. ఆయిల్ లేని ఇంజన్ కొద్ది నిమిషాల్లోనే పట్టేస్తుంది. తరువాత వచ్చే బిల్లు ఒక ఏడాది కాలేజీ ఫీజంత ఉండవచ్చు.

మూడోది కూలెంట్. మన ఎండలకు ఇది చాలా ముఖ్యం. ట్యాంకు మీద కనీసం, గరిష్ఠం అని రెండు గుర్తులు ఉంటాయి, వాటి మధ్య ఉంటే చాలు. బానెట్ లోంచి ఆవిరి వస్తే పక్కకు ఆపండి, ఏసీ ఆపండి, ఇంజన్ ఆపండి. రేడియేటర్ మూత మాత్రం వెంటనే తీయవద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగాలి.

నాలుగోది బ్రేక్ ఆయిల్. దాని డబ్బా బానెట్ కింద చిన్నదిగా ఉంటుంది. మట్టం తగ్గిందంటే రెండే కారణాలు. బ్రేక్ ప్యాడ్లు అరిగాయి, లేదా ఎక్కడో కారుతోంది. పైనుంచి ఆయిల్ పోసి ఊరుకుంటే లెక్క సరిచేసినట్టు కాదు, తేడాను కప్పిపెట్టినట్టు. మెకానిక్‌కు చూపించాలి. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతున్నా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతున్నా, గీరినట్టు చప్పుడు వస్తున్నా ఆ రోజే గ్యారేజీకి పోవాలి.

అయిదోది లైట్లు, వైపర్లు, అద్దాలు. వెనుక బ్రేక్ లైటు మనకు కనిపించదు. ఇంట్లో పిల్లవాణ్ణి వెనుక నిలబెట్టి బ్రేకు తొక్కితే వాడే చెప్తాడు. వైపర్ రబ్బరు ఎండకు ఎండిపోయి, మొదటి వానకే అద్దం మీద గీతలు గీస్తుంది. మృగశిర రాకముందే మార్చుకోవాలి.

ఇవన్నీ కలిపి ఆదివారం పొద్దున పదిహేను నిమిషాల పని. మిగతా సర్వీసు కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉన్న ప్రకారం చేయించండి. ఒక చిన్న నోటుబుక్కు కారులో పెట్టి తేదీ, కిలోమీటర్లు, మార్చిన సామాను రాసి ఉంచండి. పిల్లలారా, ఈ పని మీరు తీసుకోండి. లెడ్జర్ రాయడం అలవాటవుతుంది, ఇంటికి ఉపకారమూ జరుగుతుంది.

రోడ్డు మీద లెక్కలు

ఇప్పుడు నడపడం సంగతి. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 17 మీటర్లు. ఎదురుగా ఏదో వచ్చిందని కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. ఆ 17 మీటర్లు బ్రేకు లేకుండానే పోయాయి. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. మొత్తం 37. అదే 80లో అయితే మొత్తం 58 మీటర్ల దాకా కావాలి. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. చక్రవడ్డీ లెక్క తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

మరి వేగంతో లాభమెంత? 40 కిలోమీటర్లు 60లో పోతే 40 నిమిషాలు, 80లో పోతే 30 నిమిషాలు. మిగిలేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు చేరిన చోట చాయ్ తాగడానికే పోతాయి. 2022లో రోడ్డు మీద పోయిన ప్రాణాల్లో నూటికి 70కి పైగా అతివేగం ఖాతాలోనే రాశారు. నిదానమే ప్రధానం అన్న మాట గోడ మీద రాసుకోవడానికి కాదు.

ఫోను సంగతీ ఇదే లెక్కలో చూడండి. 60లో పోతూ మూడు సెకన్లు ఫోను వైపు చూస్తే 50 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. మన రోడ్ల మీద ఆ 50 మీటర్లలో ఏముంటుందో మీకు తెలుసు. పత్తి బండి, వెనుక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ, అడవి దాటే పంది, నీల్‌గాయ్, బర్రెల మంద, రోడ్డు మీద ఆరబోసిన సోయాబీన్.

ఆరబోసే పంట గురించి ఒక్క మాట. 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ ఎమ్మెల్యేగా ఉన్న శోభా నాగిరెడ్డిగారు ఎన్నికల ప్రచారం ముగించుకుని రాత్రి ఇంటికి వస్తుండగా, రోడ్డు మీద పోసిన ధాన్యాన్ని తప్పించబోయి ఆమె కారు బోల్తా పడింది. ఆమె బయటికి విసిరివేయబడి, మరునాడు ఆస్పత్రిలో చనిపోయారు. ధాన్యం పోసినవారికి ఎవరి మీదా కోపం లేదు, కళ్లం లేక పోశారు. మన రైతు సోదరులు కూడా కళ్లం లేకనే పోస్తారు. కాని చీకటి పడకముందు ఎత్తేయాలి, చుట్టూ రాళ్లు పెట్టే అలవాటు మానాలి. నడిపేవారు కూడా పంటల కాలంలో రాత్రి వేగం తగ్గించాలి.

ఘాట్ రోడ్డు మీద రెండు నియమాలు గుర్తుంచుకోండి. ఎక్కేటప్పుడు ఏ గేరు వేశామో దిగేటప్పుడూ అదే గేరు. న్యూట్రల్‌లో వదిలి పెట్రోలు మిగులుతుందనుకునేవారు బ్రేకు మీదే భారమంతా వేస్తారు. బ్రేకులు కాగిపోయి పట్టు వదిలేస్తాయి. రెండోది, ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ఇది చట్టం చెప్పిన మాట.

రాత్రి ప్రయాణాలు. మన వాళ్లకు పెళ్లి భోజనం చేసి, అర్ధరాత్రి బయలుదేరి, పొద్దున దుకాణం తెరిచే అలవాటు ఉంది. కేంద్ర మంత్రిగా పనిచేసిన ఎర్రన్నాయుడుగారు 2012 నవంబరు 2న ఒక పెళ్లికి వెళ్లి తిరిగి వస్తూ, తెల్లవారకముందే శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర ఆయన కారు ఆయిల్ ట్యాంకరును ఢీకొని చనిపోయారు. మంత్రిగారి కారు, డ్రైవరు ఉన్నవారికే చీకటి అంత ప్రమాదం. రోజంతా పనిచేసి స్వయంగా నడిపే మన సంగతి చెప్పాలా? రాత్రి రెండు నుంచి అయిదు దాకా ఒంటికి నిద్ర సమయం. కిటికీ తెరిచినా, పాటలు పెట్టినా అది ఆగదు. రెప్ప బరువైతే పెట్రోలు బంకులో ఆపి ఇరవై నిమిషాలు పడుకోండి. అంతకంటే మంచిది, చుట్టాలింట్లో ఆ రాత్రికి ఉండిపోవడం. వద్దనే చుట్టాలు మనకు లేరు.

వెనుక సీటు

ఈ మాట ముఖ్యంగా తల్లులు వినాలి. ముందు కూర్చున్నవాడు పోలీసుకు భయపడి బెల్టు పెట్టుకుంటాడు. వెనుక అమ్మ, నానమ్మ, ఒళ్లో పిల్లలు. వారికి బెల్టు ఉందనే తెలియదు, తెలిసినా సీటు కవరు కింద కప్పబడి ఉంటుంది.

మన మరాఠ్వాడా నాయకుడు గోపీనాథ్ ముండేగారు కేంద్ర మంత్రి అయిన కొద్ది రోజులకే, 2014 జూన్ 3న ఢిల్లీలో కారు ప్రమాదంలో పోయారు. ఆయన కూర్చున్నది వెనుక సీటులోనే. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ జిల్లాలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కారు వంతెన గోడను గుద్దింది. ముందు ఉన్న ఇద్దరు గాయాలతో బతికారు. వెనుక ఉన్న ఇద్దరూ చనిపోయారు. వారిద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణగారు తానే కారు నడుపుతూ నల్లగొండ దగ్గర పోయారు. ఆయనా బెల్టు పెట్టుకోలేదు, కారులోంచి బయట పడిపోయారు. వీరిలో డబ్బు లేనివారు ఎవరు? మంచి కారు లేనివారు ఎవరు? లేనిది బెల్టు ఒక్కటే.

కారు ఆగినా మన ఒళ్లు ఆగదు. అదే వేగంతో ముందుకు పోతుంది. వెనుక ఉన్న మనిషి ముందు సీటు మీద పడితే ముందున్నవారికీ ప్రమాదమే. చంటిపిల్లను ఒళ్లో గట్టిగా పట్టుకున్నానని తల్లి అనుకుంటుంది. ఆ దెబ్బకు ఏ చేతులూ నిలవవు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం బెల్టు లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని ఉండాల్సిందే. బీప్ చప్పుడు రాకుండా బజారులో క్లిప్పులు అమ్ముతారు. అవి కొనవద్దు. ఈ రాత్రి ఇంటికి పోగానే సీటు కవరు ఎత్తి వెనుక బెల్టులు బయటికి తీయండి. ఖర్చు ఏమీ లేదు.

ఇంకొకటి. ఎండలో తలుపులు మూసిన కారులో పిల్లలను అయిదు నిమిషాలకు కూడా వదలవద్దు. లోపల వేడి ప్రాణం తీసేంతగా పెరుగుతుంది.

కాగితాలు, డబ్బు

ఇది నా వృత్తికి సంబంధించిన భాగం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మనలో చాలామంది తెలంగాణ నంబరు కారు చవకగా వచ్చిందని కొంటారు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తేవాలి, నాందేడ్‌లో పేరు మార్పించుకోవాలి, ఇన్సూరెన్సు కూడా మన పేరుకు మార్పించాలి. అమ్మేవారు కూడా సంతకం పెట్టిన ఫారాలు ఇచ్చేశాం కదా అని ఊరుకోవద్దు. రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే ప్రమాదానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. అమ్మేసిన కారుకు మీరు నష్టపరిహారం కట్టవలసి వస్తుంది.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుండా కారు రోడ్డెక్కకూడదు. ఒక్క రోజు గడువు దాటినా, ఆ రోజు ప్రమాదం జరిగితే ట్రిబ్యునల్ వేసే పరిహారమంతా యజమానే కట్టాలి. ఇల్లు, పొలం అమ్మినా చాలకపోవచ్చు. పాలసీలో సొంతదారు-డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో చూసుకోండి. గడువు తేదీని వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టండి.

పద్దెనిమిదేళ్లు నిండని కొడుకుకు కారు తాళం ఇచ్చే తండ్రులు ఈ చట్టం వినండి. పిల్లవాడు ప్రమాదం చేస్తే తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25 వేలు జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. మావాడు బాగా నడుపుతాడండీ అనేది కోర్టులో పనికొచ్చే సాక్ష్యం కాదు. తాగి నడిపితే మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేలు జరిమానా, లేదా రెండూ.

ఇప్పుడు ఒక కుటుంబం సంగతి. పేరు, ఊరు చెప్పను. తండ్రి సొంత కారు కిరాయికి నడిపేవాడు. టైర్లు అరిగాయి, పంక్చర్ షాపువాడు చెప్పాడు కూడా. ఈ పెళ్లిళ్ల సీజన్ పోనీ, వానలకు ముందు మార్పిస్తానన్నాడట. మే నెల ఎండలో ముందు టైరు పేలి కారు చెట్టును గుద్దింది. కొన్నాళ్లకు భార్య పాస్‌బుక్ పట్టుకుని మా కౌంటరు దగ్గరికి వచ్చింది. ఖాతాలో ఎంత ఉందో చూడమంది, అంతే. పాస్‌బుక్ ప్రింటు చేస్తే ఒక వరుసలో 12 రూపాయలు కోత కనిపించింది. అది ప్రధానమంత్రి సురక్షా బీమా. 2015లో మొదలయినప్పుడు అతను సంతకం పెట్టి ఇంట్లో చెప్పడం మరచిపోయాడు. ఫారం నింపించాం, ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం కాగితాలు జతచేశాం, రెండు లక్షలు వచ్చాయి. పెద్దమ్మాయి పాలిటెక్నిక్ ఆగకుండా పూర్తయింది. ఆ వరుస కనిపించి ఉండకపోతే ఆ డబ్బు ఎవరూ అడిగేవారు కాదు. కాని ఆ తల్లి చెక్కు చేతిలో పట్టుకుని అడిగిన మాట ఒకటే. "సారూ, టైర్లకు ఎంతయ్యేది?" నేను జవాబు చెప్పలేకపోయాను. చెప్పినా ఆమెకు ఆ లెక్క ఎందుకు?

ఆ బీమా ఇప్పటికీ ఉంది. 2022 జూన్ నుంచి ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్లలోపు ఖాతాదారులు ఎవరైనా చేరవచ్చు. ప్రమాదంలో మరణిస్తే రెండు లక్షలు. ప్రతి ఏడాదీ మే చివర ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండాలి, లేకపోతే బీమా ఆగిపోతుంది. భార్యాభర్తలు ఒకరి బీమా ఒకరికి చెప్పుకోండి.

ప్రమాదం కళ్ల ముందు జరిగితే

112కు గాని, అంబులెన్సు కోసం 108కి గాని ఫోను చేయండి. పోలీసు కేసులో ఇరుక్కుంటామని భయపడి పక్కనుంచి వెళ్లిపోయే రోజులు పోయాయి. 2016లో సుప్రీంకోర్టు, 2019లో చట్టం, సాయం చేసినవారికి రక్షణ ఇచ్చాయి. పేరు చెప్పమని, సాక్ష్యం ఇవ్వమని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టండి. మెడ, నడుము దెబ్బతిన్నవారిని మంటలో, ట్రాఫిక్‌లో ఉంటే తప్ప గుంజి లేపవద్దు. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. ఇది మన వాళ్లు ప్రేమతో చేసే పొరపాటు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం, రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స పొందే హక్కు ఉంది. ముందు డబ్బు కట్టమంటే ఈ పథకం పేరు చెప్పి అడగండి.

పిల్లలకు ఒక హోంవర్కు

విద్యార్థులారా, మీలో చాలామందికి ఇంకా లైసెన్సు వయసు రాలేదు. అయినా ఇంట్లో కారుకు ఆడిటర్లు మీరే కావచ్చు. ఈ ఆదివారం నాలుగు పనులు చేయండి. టైరు మీది నాలుగు అంకెలు చదివి అది ఎన్నేళ్లదో లెక్క కట్టండి. వెనుక బెల్టులు బయటికి తీయండి. ఇన్సూరెన్సు గడువు తేదీ క్యాలెండరు మీద రాయండి. అమ్మానాన్నల పాస్‌బుక్కుల్లో 20 రూపాయల వరుస ఉందో లేదో చూడండి. తేడా కనిపిస్తే నాన్నకు మర్యాదగా చెప్పండి, రేపు చూద్దాంలే అంటే మళ్లీ చెప్పండి.

తండ్రులకు నా విన్నపం. కొడుకో కూతురో "బాపూ, టైరు అరిగింది" అంటే కోప్పడకండి. పెద్దయ్యాక వాళ్లు పట్టే లెక్కలకు అది మొదటి లెక్క. వచ్చే ఏడాది దరఖాస్తులు చూసేటప్పుడు ఆ 'తండ్రి వృత్తి' గడిలో మీ వృత్తి పేరే నాకు కనిపించాలి.

 అందరూ నిదానంగా ఇల్లు చేరండి.